'పిల్లికెరుక' కాఫీ కొట్టు

స్టాక్‌హోం నగరంలో కుంగ్స్‌గాటన్ అని ఒక పెద్ద వీధి ఉన్నది. మన మాటలో చెప్పాలంటే రాజవీధి. పూర్వం అక్కడ ఒక గుట్ట అడ్డంగా ఉండేదట. దాన్ని తొలిచి 1911లో ఈ వీధిని తెరిచారు. గుట్టమీద నడిచే పాత వీధిని తీసివేయలేదు. అది ఇప్పుడు వంతెనయి, కిందపోయే మోటారుబళ్ల తలమీదుగా సాగిపోతున్నది. వంతెన దగ్గర అటొకటి ఇటొకటి, గుడిముందు ద్వారపాలకుల్లాగా రెండు గోపురాలు నిలబడి ఉంటాయి. ఒకటి 1924లోను, రెండవది 1925లోను పూర్తయినవి. ఒక్కొక్కటి సుమారు 60 మీటర్ల ఎత్తు. ఐరోపాలో ఆధునిక ఆకాశహర్మ్యాలకు ఇవే శ్రీకారమని ఆ ఊరివారి గర్వం.

వ్యాపారమంతా ఈ చుట్టుపక్కలే. కచేరీలు, బట్టల దుకాణాలు, సినిమా హాళ్లు, భూగర్భంలో రైళ్లు. పక్కనే హోటోర్యెట్ అనే అంగడివీధి. ఆ పేరుకు గడ్డిసంత అని అర్థం. ఒకనాడు ఎండుగడ్డి మోపులు అమ్మినచోట ఇవాళ పూలూ పండ్లూ అమ్ముతున్నారు. సంతకు ఎదురుగా నీలిరంగు గోడల సంగీతభవనం. 1926లో కట్టిన ఈ భవనంలోనే ఏటా డిసెంబరు 10న నోబెల్ బహుమతులు ఇస్తారు. విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడి బడిలో చదువుకున్న సి.వి. రామన్ 1930లో ఇక్కడికి వచ్చి ఆ బహుమతి అందుకున్నాడు. కాసేపు ఆ మెట్లదగ్గర ఆగి మరీ ముందుకు నడిచాము. దాని వెనక వరుసగా అయిదు అద్దాల మేడలు. 1952కూ 1966కూ మధ్య లేచినవి. వీటికోసమూ, వీటి చుట్టూ వచ్చిన కట్టడాలకోసమూ ఎన్నో పాత ఇళ్లు నేలమట్టమైపోయాయి.

మేము వెళ్లింది నవంబరు మొదటివారం. గడియారం నాలుగు కొట్టకముందే చీకటి పడిపోయింది. చినుకులు. కచేరీలనుంచి బయటపడిన జనం మెడలదాకా ఉన్ని గుడ్డలు చుట్టుకొని, ఒకరినొకరు తాకకుండా వడివడిగా నడిచిపోతున్నారు. అంతమందిలో మాట మాత్రం వినపడదు. చలి ఎముకల్లోకి దిగుతున్నది. మమ్మల్ని వెంటబెట్టుకొని నడుస్తున్న కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు ఊరిచివర కీస్తా అనేచోట కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. అక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. "మాస్టారూ, ఇంకొక్క పది అడుగులు" అంటూ 55వ నెంబరు తలుపు తోశాడు.

అంతే. వీధి ఎక్కడికి పోయిందో తెలియదు. వెన్నా, దాల్చినచెక్కా, కాఫీ కలగలిసిన వేడివాసన మొహాన కొట్టింది. ఏలకులు కూడా! వేల మైళ్ల అవతల, తలుపు తీయగానే మన పండుగనాటి వంటిల్లు ఎదురొచ్చినట్లయింది.

ఆ దుకాణం పేరు వేటె-కాటెన్. 1928లో ఎస్తెర్ నోర్డ్‌హామర్ అనే ఆవిడ పెట్టింది. పేరు పుట్టిన కథ చమత్కారమైనది. కొట్టుకు ఏం పేరు పెడతావని ఎవరో అడిగితే, తోచక "ఏమో, ఆ పిల్లికే తెలియాలి" అన్నదట. ఏమీ తెలియదని చెప్పడానికి స్వీడిషువారి నానుడి అది. మనం "ఆ పెరుమాళ్లకే ఎరుక" అనమూ! అల్లాంటిదే. పైగా ఆ భాషలో వేటె అంటే గోధుమ అని కూడా అర్థం. రొట్టెలు కాల్చేచోటికి ఇంతకన్నా మంచి పేరు వెతికినా దొరకదు. ఒక్క మాటలో గోధుమా, పిల్లీ, పెరుమాళ్లూ ముగ్గురూ కుదిరారు. శ్లేషకు మన కవులు మాత్రమే పేటెంటు పుచ్చుకున్నారని అనుకోరాదు. స్త్రీలనే పనిలో పెట్టుకొని ఆవిడ ఈ కొట్టు నడిపిందట.

లోపల ఒక పెద్ద హాలు ఉంటుందనుకున్నాను. లేదు. చిన్నచిన్న గదులు. ఒక గదిలోనుంచి ఇంకొక గది, ఆ మూల తిరిగితే మరొకటి. పూర్వపు ఉమ్మడికుటుంబాల మండువా లోగిలిలో తప్పిపోయినట్టుంటుంది. పాతకాలపు కుర్చీలు, గుండ్రటి బల్లలు, కళ్లలో పొడవని మెత్తని దీపాలు. ఒక మూల ఇద్దరు ముసలమ్మలు తీరుబాటుగా కబుర్లాడుకుంటున్నారు. మరోచోట సూటువేసుకున్న ఆసామి ఒంటరిగా కూర్చుని పత్రిక చదువుతున్నాడు. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకొని ఒక తండ్రి. ఇంత చోటులో ఇంతమంది ఉన్నా రొద లేదు. ఇల్లాంటి వెచ్చదనాన్ని డేనులు హుగ్గె అంటారనీ, స్వీడులు మీసిగ్ అంటారనీ, అనువాదానికి లొంగని మాటలనీ పుస్తకాల్లో రాస్తారు. నాకైతే మన 'హాయి' సరిగ్గా సరిపోతుందనిపించింది.

అద్దాల బీరువాలో సరుకు చూస్తే పెళ్లివారి విడిది గుర్తుకు వచ్చింది. దాల్చినచెక్క చుట్టలు, ఆకుపచ్చని బాదంపొర కప్పిన రాజకుమారి కేకు, ఏలకులపొడి జల్లిన మెత్తని బన్ను. ఏలకిని వాళ్లు 'కార్డెముమ్మ' అంటారు. మనం పాయసంలో చిటికెడు వేసి మురిసిపోతాం. వాళ్లు రొట్టెపిండిలో ధారాళంగా దంచి పోస్తారు. ఏలకి పుట్టిల్లు మన పడమటి కనుమలు. ఇప్పుడు గ్వాటిమాలా కూడా విస్తారంగా పండించి పంపుతున్నది. పుట్టింట్లోకన్నా అత్తింట్లోనే ఎక్కువ మర్యాద పొందుతున్న పిల్ల ఈ ఏలకి!

ఈ కాఫీ వేళకు వాళ్లు పెట్టుకున్న పేరు 'ఫీకా'. 'కాఫీ' అన్న మాటను తలకిందులు చేసి చూడండి! పందొమ్మిదో శతాబ్దంలో, పిల్లలు 'క' భాష మాట్లాడుకున్నట్లు, అక్షరాలు తారుమారు చేసి మాట్లాడే సరదా అక్కడ ఉండేది. ఆ సరదాలో పుట్టిన మాట భాషలో నిలిచిపోయింది. హైదరాబాదులో ఉర్దూ తెలిసినవారికి మాత్రం ఫీకా అంటే చప్పనిది. పాలూ చక్కెరా లేని ఆ నల్లటి కాఫీ మొదటి గుక్క తాగినప్పుడు ఉర్దూ అర్థమే సరియైనదనిపించింది. బన్ను ముక్క నోట పెట్టుకొని రెండవ గుక్క తాగాక స్వీడిషు అర్థం బోధపడింది.

ఇంత ఆప్యాయంగా తాగే కాఫీని ఒకప్పుడు ఆ దేశపు ప్రభుత్వమే నిషేధించింది. పరదేశపు గింజకోసం దేశం డబ్బు తరలిపోతున్నదని పాలకుల బాధ. 1756లో మొదటి నిషేధం. తరువాత 1794లో, 1799లో, 1817లో మళ్లీ మళ్లీ. జనం చాటుగా తాగుతూనే వచ్చారు. చివరకు 1820ల ఆరంభంలో ప్రభుత్వమే చేతులెత్తేసింది. నేడు తలసరి కాఫీ వాడకంలో ప్రపంచానికి ముందువరుసలో ఉన్నవి ఈ ఉత్తరదేశాలే. అందులో పొరుగున ఉన్న ఫిన్లండుది అగ్రస్థానం.

చట్టాన్ని ఓడించింది కాఫీ రుచి ఒక్కటేనా అని ఆలోచిస్తే, కాదనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మగవాళ్లకు సారాయి అంగళ్లున్నాయి. పరువుగల ఇంటి ఆడది అక్కడ అడుగుపెట్టరాదు. ఆమెకు దొరికిన సభ కాఫీబల్ల ఒక్కటే. ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి చేసే కాఫీవిందుకు 'కాఫెరేప్' అని పేరు. మన పేరంటమే అనుకోండి. ఏడు రకాల బిస్కత్తులు పెట్టడం ఆచారం. తక్కువైతే పిసినారి అంటారు, ఎక్కువైతే గొప్పలు పోతున్నదంటారు. పేరంటాళ్ల నోళ్లు ఏ దేశంలోనైనా ఒకటే! ఆ ఏడు రకాల పేరుతోనే 1945లో వచ్చిన వంటపుస్తకం ఇప్పటికీ ఆ దేశపు ఇళ్లలో ఉన్నది. అటుపైన ఊళ్లలో మిఠాయి దుకాణాలు వెలిశాయి. మగతోడు లేకుండా ఒక ఆడది వెళ్లి, కాళ్లు చాపుకొని, పరువు పోకుండా కూర్చోగలిగిన చోటు అది. ఎస్తెర్ నోర్డ్‌హామర్ రాజవీధిలో తెరిచింది అటువంటి తలుపు.

మా ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. అక్కడి కాఫీ దుకాణాల్లో చాలాచోట్ల ఒకసారి డబ్బిస్తే రెండవ కప్పు ఉచితం. దాన్ని 'పోతోర్' అంటారు, అనగా పైచుక్క. మన పంక్తిలో 'మారు' వంటిది. కప్పులు ఖాళీ కాగానే ఆవిడ అలవాటుకొద్దీ మూడూ చేతిలోకి తీసుకొని లేవబోయింది. కుర్రవాడు అడ్డుపడ్డాడు. "అమ్మా, ఇక్కడ మీరు కూర్చోవాలి. నేను తెస్తాను."

ఆవిడ కూర్చుంది. ఈసారి వెనక్కు ఆనుకొని కూర్చుంది. నెమ్మదిగా రెండు గుక్కలు తాగి, "కూర్చుని వేడిగా తాగితే కాఫీ ఇల్లా ఉంటుందన్నమాట!" అన్నది. నవ్వుతూనే అన్నది. కుర్రవాడూ నవ్వాడు. ఆ మాట మాత్రం నవ్వులతో పోలేదు.

కుర్రవాడు తన సంగతి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాఫీ కప్పు తన బల్లదగ్గరకు తెచ్చుకొని పని చేసుకుంటూ తాగేవాడట. కష్టపడి పనిచేస్తున్నాడని పైవాళ్లు మెచ్చుకుంటారని ఆశ. నాలుగు రోజులు చూసి మేనేజరే వచ్చి, "మాతో కూర్చోవడం నీకు ఇష్టం లేదా?" అని అడిగాడట. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పెద్దా చిన్నా అందరూ ఒకే బల్లచుట్టూ చేరతారు. గదులు ఊడ్చే మనిషి కూడా అక్కడే, అదే కుర్చీలో.

ఈ సమానత్వం భాషలోకి కూడా ఎక్కింది. ఒకప్పుడు అక్కడ ఎదుటివారిని హోదాతో పిలవవలసి వచ్చేది. డైరెక్టరుతో మాట్లాడుతూ, "డైరెక్టరుగారు కాఫీ పుచ్చుకుంటారా?" అని ప్రథమపురుషలో అడగాలి. 1967లో వైద్యశాఖాధిపతిగా వచ్చిన బ్రోర్ రెక్సెడ్, తాను సిబ్బందినందరినీ 'దు', అంటే 'నువ్వు' అనే పిలుస్తానని చెప్పాడు. అప్పటికే మొదలైన మార్పు ఆ మాటతో దేశమంతా పాకింది. "అలవాటయిందా నీకు?" అని అడిగాను. "మేనేజరును నువ్వు అంటాను మాస్టారూ. మిమ్మల్ని మాత్రం ఈ జన్మకు అనలేను" అన్నాడు. భాషలు చదువు చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

బయటికి వచ్చేసరికి చినుకులు ఆగలేదు. జనం అదే వడిలో నడుస్తున్నారు. కాని ఇప్పుడు ఆ నడక నాకు మరొక రకంగా కనిపించింది. అంత వడిగా నడవగలుగుతున్నారంటే, మధ్యలో ఎక్కడో కూర్చోవడానికి వేళ కేటాయించుకున్నారు కాబట్టే కాబోలు.

ఈ మధ్య మన నగరాల్లో కూడా తెల్లచెక్క బల్లలు, వేలాడే దీపాలు పెట్టి ఉత్తరదేశపు ఫక్కీలో కాఫీ దుకాణాలు తెరుస్తున్నారు. చూడముచ్చటగా ఉంటాయి. అయితే బల్లలు తెచ్చుకున్నంత సులువుగా ఆ బల్లదగ్గరి మర్యాద రాదు. హాయి చెక్కలో లేదు, దీపంలో లేదు. కాఫీ కలిపిన మనిషి కూడా మిగిలినవాళ్లతోపాటు, అదే వేడిమీద, కూర్చుని తాగడంలో ఉన్నది. మన ఇళ్లలో డికాషను దించేది ఎవరో, అందరికీ అందించి చల్లారినది పొయ్యిగట్టు పక్కన నిలబడి తాగేది ఎవరో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. దానికి స్టాక్‌హోం వెళ్లనవసరం లేదు. వంటింట్లో ఒక కుర్చీ వేస్తే చాలు. ఏలకులు ఎల్లాగూ మన డబ్బాలోనే ఉన్నాయి.