చెవులపిల్లి తొడలో నీటితిత్తి

ఉగాది దగ్గరపడితే మా అనంతపురం వైపు కొన్ని పల్లెల్లో ఇంకా కుందేళ్ల వేట మాటలు వినిపిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, జైలుకు పంపే నేరం. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా చెప్పుకుంటారు.

పాత వేటగాళ్లు చెప్పే ఒక ముచ్చట మాత్రం నాకు భలే ఆసక్తి. చెవులపిల్లి తోలు ఒలిస్తే ఒక్కోసారి తొడ కండలో కోడిగుడ్డంత నీటితిత్తి కనబడుతుందట. లోపల తేటనీరు, పొర గోడకు వరసలు వరసలుగా తెల్లటి చుక్కలు. ‘చీము’ అని కోసి కుక్కకు విసిరేస్తారు. అది చీము కాదు, టేనియా సీరియాలిస్ అనే బద్దెపురుగు పిల్లదశ. ఒక్కో చుక్క ఒక్కో పురుగు తల. విసిరిన ముక్కతో కుక్క పేగుల్లో పురుగులు ఎదుగుతాయి, దాని మలంతో గుడ్లు గడ్డి మీద పడతాయి, ఆ గడ్డిని ఇంకో కుందేలు మేస్తుంది.

తిత్తి ఉన్న మాంసం తిన్నందుకు మనిషికి ఈ పురుగు పట్టదు. కుక్క నుంచి రాలిన గుడ్డు నోట్లోకి పోతేనే, అరుదుగానైనా, మన ఒంట్లోనే తిత్తి లేస్తుంది.

దీని దాయాది టేనియా మల్టీసెప్స్ గొర్రె మెదడులో తిత్తి కడుతుంది. మంద వదిలేసి ఒకే పక్కకు గిరగిరా తిరిగే గొర్రెను కళ్యాణదుర్గం, రాయదుర్గం కాపరులకు నేను వర్ణించాలా! చచ్చిన గొర్రె తలను కుక్కకు వేయకుండా పాతిపెట్టండి, మందకుక్కకు పశువుల డాక్టరును అడిగి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించండి. గొర్రెలకు మందు తాపేవాళ్లం, కుక్కను ఎవరూ లెక్కలోకే తీసుకోం.