చెప్పి వదలడం

సైకిలు నేర్పడానికి తెలుగు ఎం.ఏ. పట్టా ఎందుకూ కొరగాదని మా ఆవిడ అభిప్రాయం. ఆ సంగతి నాకూ తెలుసు. కాని ఆరేళ్ళ కూతురు కొత్త సైకిలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "నాకు చేతకాదమ్మా" అనగలిగే తండ్రి ఎక్కడుంటాడు చెప్పండి?

ఆ సైకిలు కొనిపెట్టింది మా నాన్నగారు. దాన్ని చూడగానే నా ఎడమ మోకాలు ఒక్కసారి చురుక్కుమన్నది. దానికో కథ ఉంది.

1990 ప్రాంతం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు తన పెద్ద సైకిలు మీద కాలవగట్టున నాకు నేర్పించేవారు. సీటు అందదు గనుక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. ఆయన వెనక క్యారియరు పట్టుకునేవారు.

"వదలకండి నాన్నగారూ!"

"వదలన్లేరా, తొక్కు!"

ఒక సాయంత్రం తిరిగి చూద్దును గదా, వెనక ఎవరూ లేరు! మరుక్షణం సైకిలూ నేనూ తుమ్మకంపలో ఉన్నాం. నాన్నగారు ఒక చెప్పు చేత్తో పట్టుకుని పరుగెత్తుకు వస్తున్నారు. పడినందుకు కొడతారు కాబోలనుకుని ఏడుపు దిగమింగాను. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మచ్చకంటె లోతుగా మరొకటి మిగిలిపోయింది. వదలనని చెప్పి వదిలేశారే అని.

అంచేత మా అమ్మాయి, "వదిలెయ్యవు కదూ నాన్నా?" అన్నప్పుడు, "చెప్పకుండా వదలను" అని చేతిలో చెయ్యి వేశాను.

మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు గారు ఇది విని, "ముందు పెడళ్ళు ఊడదియ్యండి మాస్టారూ" అన్నారు. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన చేసిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవట. నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవడమే. పెడళ్ళ సైకిళ్ళు జనంలోకి వచ్చింది 1860లలో. లోకం నేర్చుకున్న వరసలోనే పిల్లా నేర్చుకోవాలన్నారు. ముందు నిలదొక్కుకోవడం, ఆ తరువాతే తొక్కడం. పక్కచక్రాలు బిగిస్తే బండి ఒరగదు. ఒరగని బండిని నిలబెట్టుకోవడం ఎలా వస్తుంది?

కుడి పెడలు ఊడింది. ఎడమది తిప్పినకొద్దీ బిగుసుకుంటున్నది. చెమటలు కక్కుతుంటే వీధి చివరి సైకిలు షాపతను వచ్చి నవ్వాడు. "ఎడమ పెడలుకు మర ఎదురుగా ఉంటుందండీ. లేకపోతే తొక్కుతుండగా ఊడిపోదూ?" నలభై నాలుగేళ్ళకు నాకు తెలిసిన సత్యమిది.

సీటు దించి, పాదాలు రెండూ నేలకు ఆనేటట్టు చేశాం. వారం రోజుల్లో పిల్ల రెండు కాళ్ళూ ఎత్తి పది గజాలు జారుకుంటూ పోయింది. ఎటు ఒరిగితే హాండిలు అటే తిప్పాలి. భయపడ్డవాడు రెండో వైపుకు తిప్పి పడతాడు. ఈ రహస్యం దానికి నేను చెప్పకుండానే తెలిసిపోయింది.

పెడళ్ళు మళ్ళీ బిగించాక వచ్చింది అసలు చిక్కు. సీటు పట్టుకుని పరుగెత్తి, "వదులుతున్నానమ్మా" అంటాను. వెంటనే కెవ్వుమని రెండు కాళ్ళూ నేలకు ఆనించేస్తుంది. మూడు రోజులు ఇదే వరస.

"చెప్పకుండా వదిలెయ్యండి, అదే పోతుంది. అందరూ చేసేది అదేగా?" అన్నది మా ఆవిడ.

నిజమే. ఒకసారి వేళ్ళు వదులు చేశాను కూడా. అంతలో కాలవగట్టు గుర్తొచ్చి మళ్ళీ బిగించాను.

ఆదివారం పొద్దున కాలేజీ మైదానానికి నాన్నగారు కూడా వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు. రెండో చుట్టులో పిల్ల హఠాత్తుగా, "నాన్నా, ఇంక వదిలెయ్!" అన్నది.

నేను వదల్లేదు. ఎదర రాళ్ళు కనిపించాయి, గోతులు కనిపించాయి. అన్నిటికంటె ముందు దాని మోకాళ్ళు కనిపించాయి.

"వదిలెయ్యమన్నానా! నువ్వే అబద్ధాలాడతావు!"

వదిలాను. వెళ్ళిపోయింది. గోలుపోస్టు దగ్గర ఇసకలో పడింది. నేను చేరేలోగా లేచి, గౌను దులుపుకుని, మళ్ళీ ఎక్కింది.

రొప్పుతూ వచ్చి నాన్నగారి పక్కన కూలబడ్డాను. ముప్పై అయిదేళ్ళ మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ రోజు కాలవగట్టున నాకూ ఒక్క మాట చెప్పి వదిలి ఉండవలసింది నాన్నగారూ."

ఆయన తెల్లబోయారు. "ఎవర్రా వదిలింది? చెప్పు తెగి తూలిపోయాను. క్యారియరు చేజారింది. ఆ చెప్పు చేత పట్టుకుని నీ వెనకాలే పరుగెత్తాను. అందితేనా? తూము దాకా ఒక్కడివే పోయావు!"

ఆయన గొంతులో నేరం లేదు, గర్వం ఉంది. నాకు నోట మాట రాలేదు.

ఇంతలో బెల్లు గణగణ మోగింది.

"తాతయ్యా, లే! నాన్నా, జరుగు! నాకింకా బ్రేకు వెయ్యడం రాదు!"

తండ్రీ కొడుకులం చెరో పక్కకూ దూకాం.