అద్దెయింటి కిటికీ

అద్దెయింటి బేరము మాటలాడునప్పుడు ఇంటియజమాని గదులెన్నియో చెప్పును. కరెంటు మీటరు వేరుగా నున్నదో లేదో చెప్పును. బోరునీరు ఉప్పనిదని మాత్రము చెప్పడు. అది మొదటినాటి కాఫీ చెప్పును. మాంసము వండుదురా యని అడుగును. కులమేమని అడుగకయే, ఏ యూరు, ఎవరి తాలూకు, బంధువు లెక్కడ అను మూడు ప్రశ్నలలో ఆ సంగతి రాబట్టుకొనును. ఇన్నియు తేలిన పిమ్మటను తేలక మిగిలిపోవున దొకటి కలదు. వీథివైపు గోడయు, ఆ గోడలోని కిటికీయు ఎవరి యధీనమున నుండును? ఈ ప్రశ్నను ఇరువురిలో నెవ్వరును ఎత్తరు. అయిదేండ్ల కొకతూరి, ఎన్నికలనాడు, అది తనంతట తానే లేచి నిలుచును.

నేను నెల్లూరు సముద్రతీరమున బడిపంతులను. బదిలీలమీద ఇరువదియేండ్లుగా ఈ తీరగ్రామములలో తిరుగుచు అయిదు అద్దెయిండ్లలో కాపురము చేసితిని. ఒకప్పు డీ ప్రాంతమున అద్దెయిల్లు ఉపాధ్యాయునికో, పోస్టుమాస్టరుకో మాత్రమే కావలసియుండెడిది. 2008లో కృష్ణపట్నపు క్రొత్త రేవు తెరచిన పిమ్మట, నేలటూరిలో థర్మల్ విద్యుత్కేంద్రము లేచిన పిమ్మట, వరిమళ్లును రొయ్యలగుంటలును తప్ప వేరెరుగని ముత్తుకూరు పరిసరములలో అద్దెగదులు వరుసలు వరుసలుగా వెలసినవి. రొయ్యలలో వచ్చిన సొమ్ము గోడలైనది. రేవులో పనిచేయువారి జీతము అద్దెయైనది. ఈ వరుసయిండ్లలో నుండువారికి ఓటు కలదు, అభిప్రాయము కలదు. గోడ మాత్రము లేదు.

2024 మే 13వ తేదీన మన రాష్ట్రమున శాసనసభకును లోకసభకును పోలింగు జరిగినది గదా. దానికి ఒక నెల ముందు, మా వరుసలో కడపటి పోర్షనులో నుండిన క్రేను డ్రైవరు తన కిటికీ యూచలకు ఒక పక్షపు జెండా కట్టెను. మూరెడు గుడ్డ. మేకు కొట్టలేదు, రంగు పూయలేదు, జిగురు అంటింపలేదు. ఏ పక్షపు జెండాయో చెప్పను. చెప్పినయెడల చదువరులలో సగముమంది ఇప్పుడే డ్రైవరుప్రక్కను, సగముమంది యజమానిప్రక్కను చేరుదురు. నేను చెప్పబోవునది వినువారుండరు.

మూడవనాడు ఇంటియజమాని వచ్చెను.

"ఏందబ్బాయా, ఆ జెండా?"

"నా యిష్టం పెద్దయ్యా. అద్దె బాకీ లేను గదా."

"బాకీ లేవు గనకనే మర్యాదగా చెప్తుండా. ఇల్లు నాది. చూసేవాళ్లు జెండా గూడ నాదే అనుకుంటారు."

ఈ కడపటి మాట కొట్టివేయదగినది కాదు. వీథిలో పోవువాడు కిటికీ చూచునుగాని కరారుపత్రము చూడడు. రేపు గెలిచినవారు ఎదుటిపక్షమువారైనచో, పంచాయతీ ఆఫీసులో తన కాగితము కదలదని యజమాని భయము. ఆ భయము వట్టిదని, మన పల్లెల నెరిగినవా డెవడును అనజాలడు. జెండా ఆ సాయంకాలమే దిగెను. జూన్ 4న ఓట్లు లెక్కించిరి. నెల తిరుగకమున్నే "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావలె" నని కబురు వచ్చెను. వారు ఖాళీ చేసిరి. అబ్బాయి రాలేదు, దసరావరకు ఆ పోర్షనుకు తాళము వ్రేలాడుచుండెను. వెళ్లునాడు డ్రైవరు భార్య మా యింటిదానితో ననిన మాట యిది: "జెండా ఆయనదక్కా. సామాను మాత్రం ఇద్దరమూ మోస్తుండాము."

ఇక శాసన మేమనుచున్నదో చూతము. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, ఒడంబడికగాని స్థానికాచారముగాని వేరుగా లేనప్పుడు, అద్దె చెల్లించుచు షరతులు పాటించువాడు గడువు తీరువరకు ఆటంకము లేక ఆ యింటి ననుభవింపవచ్చును. దానికి శాశ్వతమైన హాని చేయరాదు. యజమాని సమ్మతి లేక శాశ్వతమైన కట్టడము కట్టరాదు. మూరెడు గుడ్డ హానియు గాదు, కట్టడమును గాదు. గోడమీద రంగుతో వ్రాయుట వేరు. దానికి మరల సున్నము కొట్టింపవలసినవాడు యజమాని గనుక వారించుటకు అతనికి అధికారము కలదు. సంస్కృతపు వస ధాతువులలో ఒకదాని యర్థము నివసించుట, మరియొకదానిది కప్పుకొనుట. ఈ రెండును ఒక్కచోట కలియుట నాకెప్పుడును సొంపుగా తోచును. అద్దెకు తెచ్చిన కోటు చింపరాదని అంగడివాడు చెప్పవచ్చును గాని, దానిని తొడుగుకొని ఏ పెండ్లికి పోవలెనో చెప్పజాలడు.

అయినను 108వ సెక్షను కిటికీని కాపాడలేదు. ఏలయన దానికి రెండడుగుల ముందు 106 కలదు. నెలనెలా అద్దెకున్నవానిని పదునైదు దినముల నోటీసుతో పంపివేయవచ్చును, కారణము చెప్పనక్కరలేదు. సంవత్సరము దాటిన కౌలు రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము గనుక, పత్రము వ్రాసినవారును పదునొకండు నెలలకే వ్రాయుదురు. 1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టములో ఖాళీ చేయించుటకు నిర్ణీతకారణములలో నొకటి చూపవలసియుండెను. ఆ కారణములలో జెండా లేదు. కాని అది మున్సిపాలిటీల చట్టము. మా పంచాయతీలో దాని నీడ పడలేదు. కాబట్టి మన చట్టములో జెండాను దింపు అధికారము యజమానికి లేకపోయినను, జెండా కట్టినవానిని దింపు అధికారము సమృద్ధిగా కలదు. చిక్కంతయు నిచ్చట నున్నది.

ఎన్నికల శాసనములును గడపవరకు వచ్చి ఆగిపోవును. ఎన్నికల సంఘమువారి ప్రవర్తనా నియమావళి, ఒకని స్థలముమీదగాని, యింటిమీదగాని, ప్రహరీమీదగాని అతని యనుమతి లేక జెండాలు కట్టరాదు, నినాదములు వ్రాయరాదు అని పక్షములకు చెప్పుచున్నది. "అతని" యనగా నెవని? యజమాని నెల్లూరిలో నుండును, కాపురమున్నవాడు లోపల నిద్రించుచుండును. పక్షమువారు నడిరేయి నిచ్చెనతో వచ్చి ఇరువురిలో నెవరినీ అడుగక తోరణములు కట్టిపోదురు. ఓటరును బెదరించి అతని యెన్నికల హక్కున కడ్డుపడుట, ఆనాడు అమలులో నుండిన శిక్షాస్మృతి 171-సి సెక్షను ప్రకారము నేరము. 2024 జూలై నుండి అమలులోనున్న న్యాయసంహితలోను అట్టి నిబంధన కలదు. కాని అచ్చట ఎన్నికల హక్కనగా పోటీ చేయుట, చేయకుండుట, ఉపసంహరించుకొనుట, ఓటు వేయుట, వేయకుండుట. కిటికీకి గుడ్డ కట్టుట ఆ పట్టికలో లేదు.

ఇక రాజ్యాంగము. జాతీయపతాకమును గౌరవముతో ఎగురవేయుట భావప్రకటన హక్కులోనిదే యని నవీన్ జిందాల్ వ్యాజ్యములో 2004 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ హక్కు ప్రభుత్వముమీదనే గాక ఇతరులమీదను చెల్లునని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తులలో నలుగు రనిరి. గొప్ప మాటయే. ఒక్క అద్దెగదికొరకు ఆ తీర్పు చేతబట్టుకొని హైకోర్టు మెట్లెక్కిన క్రేను డ్రైవరును నేనింకను చూడలేదు. 2022 ఆగస్టులో ఇంటింటను మువ్వన్నెల జెండా కట్టుడని ప్రభుత్వము కోరినప్పుడు మా వరుసలో నాలుగు పోర్షనులకును నాలుగు జెండా లెగిరెను. అప్పుడు కరారుపత్రము తీసి చూచినవాడు లేడు. ఆ యూచలే, ఆ గుడ్డయే, ఆ యజమానియే.

ఓటు రహస్యమైనప్పుడు చాలదా, జెండా యెందుకని కొందరందురు. నేను పోలింగు డ్యూటీ చేసినవాడను. ఆ అట్టతెర విలువ నాకు తెలియును. 1868లో వేల్సు దేశమున, ఓటు బహిరంగముగా చెప్పవలసిన కాలమున, భూస్వామికి విరోధముగా ఓటు చెప్పిన కౌలుదార్లు పలువురు భూములు పోగొట్టుకొనిరి. ఆ యన్యాయము గూడ ఒక కారణమై 1872లో బ్రిటను రహస్యపు ఓటును తెచ్చెను. ఆ తెరచాటున వేసిన ఓటు ఒకరిని గెలిపించును గాని, ప్రక్కయింటివానితో మాటాడదు. మాటాడుటకు వీథివైపు ముఖము కావలెను. సొంతయిల్లు గలవానికి అది పుట్టుకతోనే యున్నది. అద్దెకున్నవాడు నెలనెలా సొమ్మిచ్చియు దానిని పొందడు.

మన బిడ్డలు పలువురు పోయి అద్దెయిండ్లలో కాపురములు పెట్టిన కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ సంగతికే ఒక శాసనము చేసిరి. 2012 మొదలు అచ్చటి యజమాని, ఎన్నికలకు సంబంధించిన ప్రకటనను అద్దెకున్నవాడు తన కిటికీలోనో తలుపుమీదనో పెట్టుకొనుటను నిషేధింపరాదు. యజమానిని గూడ వారు మరువలేదు: ఆరు చదరపుటడుగులకు మించినదానిని కాదనవచ్చును, ఎన్నికకు తొంబది దినములు ముందు మొదలు పదునైదు దినముల తరువాతివరకు మాత్రమే యని గడువు పెట్టవచ్చును. ఈ కొలతలు నాకు నచ్చినవి. హక్కు అను పెద్దమాట కొలబద్దతో కొలువబడినప్పుడే ఇంటిలోనికి వచ్చును.

అయితే అద్దెకున్నవానికి కట్టు హక్కెంతో, కట్టకుండు హక్కును అంతే. ఆ యెన్నికలలోనే మా ప్రక్కవీథిలో ఒక మేడయజమాని డాబామీదనుండి పెద్ద ఫ్లెక్సీ దింపెను. క్రిందనున్న కుటుంబమువారి రెండు కిటికీలును మూసికొనిపోయి మూడువారములు గాలి లేక ఉడికిరి. ఎదుటిపక్షమువారు కరపత్రములు పంచుచు ఆ తలుపు తట్టకయే పోయిరి. ఆ యింట నలుగు రోటర్లు. వారి యభిప్రాయము నెవరును అడుగలేదు, ఫ్లెక్సీయే వారి తరపున చెప్పినది. జెండా తీయించుటకన్న ఇది నాకు ఎక్కువ కష్టముగా తోచినది.

కిటికీ లోపలి సంగతియు కొంత కలదు. డ్రైవరు జెండాతో అతని భార్యకు సమ్మతి లేదని మా వరుసలో అందరికిని తెలియును. ఆమె రేవుదగ్గరి హోటలులో ప్రొద్దున వంటచేసి అద్దెలో సగము తెచ్చునది. కిటికీ యొకటి, ఓట్లు రెండు. యజమాని భర్తను మాత్రమే అడిగెను. భర్త భార్యను అడుగలేదు. యజమాని భర్తతో ననిన "ఇల్లు నాది" యను మాటనే భర్త భార్యతో ననుచుండెనేమో, మనము చూచి వచ్చితిమా!

ఈయేడు మేము ఇల్లు మారితిమి. నేను ప్రభుత్వోపాధ్యాయుడను; పక్షపు జెండా పట్టుటకు 1964 నాటి ప్రవర్తన నియమములు నన్నొప్పవు. పందొమ్మిదేండ్ల మా అమ్మాయికి ఆ నియమములు లేవు, ఓటు వచ్చినది. కాబట్టి కరారుపత్రమున ఒక వాక్యము చేర్చితిని: ఇంటిలోని వయోజనులలో ఎవరైనను, మేకు కొట్టక, రంగు పూయక, నామినేషన్ల నాటినుండి లెక్కింపు ముగిసిన వారమువరకు, వీథివైపు గోడమీదగాని కిటికీకిగాని రెండు మూరలకు మించని ప్రకటన కట్టుకొనవచ్చును; అది కారణముగా ఖాళీ చేయింపరాదు; యజమాని ఆ వాటాపై తన జెండా కట్టరాదు.

క్రొత్త యజమాని రెండుమారులు చదివెను. "అయ్యవారూ, మీరు ఏ పార్టీ?" అని అడిగెను. ఏ పార్టీయు గాదంటిని. "మరెందుకయ్యా ఇది?" అనెను. అమ్మాయికొరకంటిని. ఆయన ఆమెవంక చూచెను; ఆమె పుస్తకము మూసి ఆయనవంక చూచెను. కొంతసే పాలోచించి, "గోడ" అను మాట కొట్టివేసి, "కిటికీ" అను మాట ఉంచి, సంతకము చేసెను.