మూత క్రింది పని

ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో బేగంపేటను విడిచి శంషాబాదునకు తరలినవి. మా చిన్న రేడియో విమానము మాత్రము అమీర్‌పేట అద్దె గదిలోనే సిద్ధమగుచున్నది. రెక్కలకు రంగులు దిద్దుటకు అందరమును ముందుకు వత్తుము. లోపలి తీగెలు సర్దవలసి వచ్చిన ఒకరి ముఖమొకరు చూచుకొందుము.

ప్రతి సర్వోకును మూడు తీగెలు: రెండు విద్యుత్తునకు, ఒకటి ఆజ్ఞకు. ఒకటిన్నర మిల్లీసెకను స్పందనకు చుక్కాని నడుమ నిలుచును; ఒకటికి ఒక వైపు, రెండింటికి మరొక వైపు తిరుగును. ఇంజను అదురునకు ఒక్క ప్లగ్గు ఊడిన చాలు, ఆజ్ఞ అందని విమానము ఎవరి నెత్తిన పడునో చెప్పలేము. అందుచేత జోడింపులను దారముతో బిగించి, గుర్తు చీటీలంటించి, కదలెడి కడ్డీలకు దూరముగా తీగెలను కట్టుదుము.

మూత బిగించిన పిదప ఈ శ్రమ ఎవరి కంటను పడదు. మిత్రులారా, మెప్పు దొరకని పనిలోనే మన చదువు నిగ్గు తేలును.