లయ కలుపుట, శ్రుతి కలుపుట

డీజే అనగానే మన పెద్దలకు పెళ్ళి ఊరేగింపులలో గుండెలదరగొట్టే చప్పుడు గుర్తుకు వస్తుంది. మా విద్యార్థి ఒకడు వార్షికోత్సవ సంగీత పోటీలో తన పేరు వ్రాయించుకొనుటకు వచ్చినప్పుడు, ఒకరి పాటలను మరొకరు మోగించడంలో విద్య యేమున్నదన్న ప్రశ్న అధ్యాపకుల గదిలో పుట్టినది. అతడు వాయించేది పెళ్ళిపాటలు కావు, టెక్నో. నిర్ణయమింకను కాలేదు గనుక మా మాట ఇక్కడ వ్రాస్తున్నాము.

టెక్నో 1980లలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో రూపు దిద్దుకున్న సంగీతం. జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువకులు, బడినాటి మిత్రులు, దానికి మూలపురుషులు. కార్ల కర్మాగారాల నగరంలో యంత్రమే మద్దెల వాయించినది. నిమిషానికి సుమారు 120 నుండి 150 దెబ్బలు. పాట వెనుక పాట తెగకుండ సాగవలెను.

తెగకుండ సాగడమంటే ఏమో మా ఛందస్సు పాఠం విన్నవారికి తెలుసు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే ఉత్పలమాల చంపకమాల అవుతుంది. మాత్రలు రెంటికీ 28. ఒకదాని వెనుక ఒకటి చదివినా నడక తొట్రుపడదు. డీజే వెదకేది ఈ నడకనే. మోగుతున్న పాట 128 దెబ్బలది, రానున్నది 132 అనుకొందాము. ఒక చెవితో సభలోని పాటను, హెడ్‌ఫోనులో రెండవ చెవితో రానున్న పాటను వింటూ, దాని వేగాన్ని సుమారు 3 శాతం తగ్గించవలెను. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 యంత్రంలో ఇందుకొక మీట ఉన్నది. అది 8 శాతం వరకు హెచ్చుతగ్గులు చేస్తుంది. వేగం సరిపోయినా దెబ్బ మీద దెబ్బ పడకపోతే రెండు గుర్రాలు తడబడి పరుగెత్తినట్లుంటుంది. అప్పుడు తిరిగే పళ్ళెం అంచును వ్రేలితో తాకి సవరిస్తారు.

అసలు చిక్కు ఇకముందున్నది. రికార్డు వేగం మారితే శ్రుతి కూడ మారుతుంది. సుమారు 6 శాతం పెంచితే స్వరం అర్ధస్వరం పైకి పోతుంది. శ్రుతులు పోల్చుకొనుటకు డీజేలు కామెలాట్ చక్రమనే దానిని వాడుతారు. గడియారంవలె 12 అంకెలు. ఏ అంటే మైనరు, బి అంటే మేజరు. 8ఏ పాటకు 7ఏ, 9ఏ, 8బి ఇరుగుపొరుగులు. కాని ఆ 8ఏ పాటనే 6 శాతం త్వరపరచితే అది 3ఏ అయి కూర్చుంటుంది. పొరుగువాడు పరదేశి అవుతాడు. 3 శాతం మరింత ఇబ్బంది, స్వరం రెండు మెట్ల నడుమ వ్రేలాడుతుంది. గజల్ మహఫిళ్ళలో గాయకుని శ్రుతికి సుత్తితో తబలా బిగించే ఉస్తాదులను మనం చూచియున్నాము. అక్కడ శ్రుతి సవరిస్తే లయ చెడదు. ఇక్కడ రెండూ ఒకే త్రాటికి కట్టియున్నవి.

నేడు కంప్యూటరు ఆ త్రాటిని తెంపినది. కీ లాక్ అనే సదుపాయం వేగం మారినా శ్రుతిని నిలుపుతుంది. సింక్ మీట నొక్కితే లయ తనంత తానే కలుస్తుంది. ఇంక మనిషికి పనేమి అని మిత్రులొకరు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. కాని ధ్వనిని మరీ సాగదీస్తే దాని పదును పోతుంది. పైగా టెక్నోలో చాల పాటలకు స్వరాల పాలు తక్కువ. చక్రం ఔనన్న జంట మంద్రస్థాయిలో ఒరుసుకొనవచ్చు, వద్దన్న జంట హాయిగా కలియవచ్చు. యంత్రం అంకె చెబుతుంది; కలిసినదో లేదో చెవి చెప్పవలెను.

కమిటీవారికి మా మనవి ఒక్కటే. ఆ విద్యార్థికి రెండు టర్న్‌టేబుళ్ళు, వేగాలు వేరైన నాలుగు రికార్డులు, పదిహేను నిమిషాలు ఇప్పించండి. సింక్ మీట ఉండరాదు. న్యాయనిర్ణేతగా తబలా తెలిసిన పెద్దనొకరిని కూర్చోబెడితే చాలును.