మా ఇంటి ఖడ్గం

కుక్కపిల్లకి పేరు పెట్టడం కూడా ఓ సమస్యేనా అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ అలాగే నవ్వుకున్నాను. పిల్లలకైతే నక్షత్రం చూడాలి, అక్షరం చూడాలి, అటు తాతల పేర్లూ ఇటు తాతల పేర్లూ కలవాలి, ఎవరి పేరు రాకపోయినా ఆ వైపు వాళ్లు అలుగుతారు. కుక్కపిల్లకి ఈ గొడవలేమీ ఉండవు, టామీ అనో జిమ్మీ అనో అంటే తోకాడించుకుంటూ వస్తుంది అనుకున్నాను. ఆ రెండు పేర్లూ మా వీధిలో అప్పటికే ఖర్చయిపోయాయన్న సంగతి నాకు తట్టలేదు.

2021 నవంబరులో పెన్నకి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా కోవూరు పక్కన హైవే కోసుకుపోయింది. నెల్లూరు ఆ గట్టునా, మేము ఈ గట్టునా ఉండిపోయాం. నీళ్లు తీసిన మర్నాడు మా పెద్దాడు లుంగీ ఎగ్గట్టుకుని ఊరు చూసొస్తానని వెళ్లాడు. వస్తూ వస్తూ తువ్వాలులో ఓ మూట తెచ్చాడు. మూటలోంచి నల్లటి ముక్కు ఒకటి బయటపడి గాలి వాసన చూసింది.

"రైసుమిల్లు గోడ పక్కన ఊక బస్తాల మీద ఒక్కటే కూచోనుందమ్మా. తల్లి ఎక్కడా కనపళ్లేదు" అన్నాడు.

వాడు అంతమాట మాట్లాడి నెలయింది. అందుకే నేను కాదనలేకపోయాను. వాడు ఎందుకు మాట్లాడటం మానేశాడో తరవాత చెప్తాను.

మా అత్తయ్య మాత్రం, "పంచలో పెట్టుకోండి. గడప దాటి లోపలికొస్తే నేను ఊరుకునేదాన్ని కాదు" అని హద్దు గీశారు. మగపిల్ల అని తేల్చిందీ ఆవిడే.

ఇక పేరు. మా చిన్నాడు అప్పుడు ఏడో క్లాసు. పరీక్షకి కాకతీయులూ, రెడ్డిరాజులూ, ఢిల్లీ సుల్తానులూ బట్టీ పడుతున్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాజుల్ని ఒక్కొక్కర్నే మా పంచలోకి పిలవడం మొదలుపెట్టాడు.

"గణపతి" అన్నాడు ముందు. కాకతి గణపతిదేవుడు.

"వినాయకుడి పేరు పెట్టి కుక్కని ఛీ ఛీ అంటావా?" అన్నారు అత్తయ్య.

"వేమా" అన్నాడు. అద్దంకిలో రెడ్డిరాజ్యం పెట్టిన ప్రోలయ వేమారెడ్డి. నేను నోటిమీద వేలేసుకున్నాను. పక్కింటాయన పేరులో వేముడున్నాడు, ఎదురింటాయన పేరులోనూ ఉన్నాడు. నెల్లూరు జిల్లాలో ఉంటూ ఆ పేరు కుక్కకి పెడితే మళ్లీ మనకి అప్పు బియ్యం పుడతాయా?

"పోనీ మనుమసిద్ధి. మన నెల్లూరు రాజే కదా!"

నెల్లూరు విక్రమసింహపురిగా ఉన్నప్పుడు ఏలిన రాజు, తిక్కన గారి ప్రభువు. బాగానే ఉంది గానీ, 'మనుమసిద్ధీ, చెప్పు వదులు!' అనేలోపల చెప్పు రెండు ముక్కలవుతుంది.

"మాలిక్ కాఫూర్!" అన్నాడు. కాఫూర్ అంటే కర్పూరమే. అంతవరకూ విని అత్తయ్య మెత్తబడ్డారు. 1310లో ఓరుగల్లు మీదికి దండెత్తి ప్రతాపరుద్రుణ్ణి లొంగదీసింది ఆయనేనని తెలిశాక, "ఆయనకి రోజూ నేను గంజి పొయ్యాల్నా?" అన్నారు.

అప్పుడు నాకొకటి అర్థమైంది. మనకి గౌరవమున్నవాడి పేరు కుక్కకి పెడితే అపచారం. గౌరవం లేనివాడి పేరు పెడితే తిట్టు. అందుకే హాయిగా ఇంగ్లీషు పేర్లు పెట్టేసుకుంటాం, వాళ్లెవరో మనకి తెలీదు కాబట్టి. వెనక వీధిలో ఓ టిప్పు ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూ చచ్చిపోయిన రాజు పేరు అది. ఆ కుక్కని పిలిచేవాళ్లెవరికీ ఆ రాజు గుర్తుకి రాడు.

ఈ గొడవంతా పెద్దాడు గోడకి ఆనుకుని వింటున్నాడు. మర్నాడు ఫోను చూసుకుంటూ, "నిజంగా రాజుల కాలంలో కుక్కలకి ఏం పేర్లుండేవో తెలుసా జేజీ?" అన్నాడు.

కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు అని ఓ ఊరుందట. అక్కడ ఒక వేటకుక్క పేరుమీద శిలాశాసనమే ఉంది. క్రీ.శ. 949-50 నాటిది. రాష్ట్రకూట కృష్ణుడు తక్కోలం దగ్గర చోళుల్ని ఓడించిన యుద్ధంలో మణలేరుడనే వీరుడు బాగా పోరాడాడు. నీకేం కావాలో కోరుకో అని గంగరాజు బూతుగుడు అడిగితే, వాడు మాన్యాలూ బంగారమూ కోరలేదు, రాజుగారి వేటకుక్కని కోరాడు. దాని పేరు కాళి. ఆ కుక్క పెద్ద అడవిపందితో కలియబడింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. దానికి రాయి నిలబెట్టి, బొమ్మ చెక్కించి, ఆ రాతికి పూజ జరగడానికి భూమి రాసిచ్చారు. ఇప్పుడా రాయి బెంగుళూరు మ్యూజియంలో ఉంది.

తమిళదేశంలో తిరువణ్ణామలై వైపు ఎడుత్తనూరులో ఇంకొకటి ఉంది. అది ఇంకా పాతది, ఏడో శతాబ్దిలో పల్లవ మహేంద్రవర్మ కాలానిది. పశువుల దొంగలతో పోరాడి యజమాని చచ్చిపోయాడు. అతని కుక్క ఇద్దరు దొంగల్ని కరిచి నిలబడింది. ఆ రాతిమీద మనిషి బొమ్మ పక్కనే కుక్క బొమ్మ, దాని పేరూ చెక్కారు. కోవివన్.

"కోవూరులో కోవివన్! భలే ఉందిరా" అన్నాను.

"నాకు నోరు తిరగదు" అన్నారు అత్తయ్య. "కాళి అంటారా, మగపిల్లకి అమ్మవారి పేరేందిరా?" అయినా కాసేపాగి, "కుక్కకి పూజ చేసినారా! భూమి గూడా ఇచ్చినారా!" అని రెండుసార్లు అన్నారు. ఆ సాయంత్రం మా హద్దు గడప దగ్గర్నించి వసారా దాకా జరిగింది.

ఇంతలో ఆ సంఘటన జరిగింది. వీధిలో గండుపిల్లి ఒకటి పంచలోకి వచ్చి గుర్రుమంది. మా వీరుడు ఒక్క అరుపు అరిచాడు. పిల్లి కదల్లేదు. అంతే, తోక కాళ్లసందున పెట్టుకుని, వసారా దాటి, హద్దులన్నీ దాటి అత్తయ్య మంచం కిందికి దూరాడు.

అత్తయ్య పడీ పడీ నవ్వారు. "వచ్చినాడమ్మా ఖడ్గ తిక్కన! అమ్మాయ్, పసుపు ముద్ద తే, స్నానానికి మంచం అడ్డం పెట్టు!"

మేమందరం నవ్వాం. చిన్నాడు కథ చెప్పమన్నాడు. అత్తయ్య చిన్నప్పుడు హరికథల్లో విన్నదాన్ని అలాగే చెప్పుకొచ్చారు. మనుమసిద్ధి రాజుకీ, ఆవుల్ని తోలుకొచ్చిన కాటమరాజుకీ పుల్లరి దగ్గర తగువు. కవి తిక్కనా, ఖడ్గ తిక్కనా అన్నదమ్ముల పిల్లలు. ఒకాయనది గంటం, ఒకాయనది కత్తి. కత్తి తిక్కన సేనని తీసుకుని వెళ్లి, ఓడి ఇంటికొచ్చాడు. స్నానానికి వెళ్తే భార్య చానమ్మ మంచం అడ్డం పెట్టి, నీళ్ల దగ్గర పసుపు ముద్ద పెట్టింది. ఇదేమిటంటే, వెన్నిచ్చి వచ్చినవాడివి నువ్వూ మాలాంటి ఆడదానివే కదా అంది. అన్నానికి కూచుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. పాలు విరిగాయేమంటే, నువ్వు విరిగి రాగా లేనిది పాలు విరిగితే తప్పా అన్నట్టు మాట్లాడింది. ఆయన మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

కథ అయ్యేసరికి చూస్తే పెద్దాడు అక్కడ లేడు. పెరట్లో అరుగు మీద, మాకు వీపు చూపించి కూచున్నాడు.

ఇప్పుడు చెప్తాను. వాణ్ణి ఆ ఏడాది ఊరుకాని ఊళ్లో డాక్టరు సీటు కోచింగులో చేర్పించాం. చేతిగాజులు కుదువబెట్టి ఫీజు కట్టాం. నెలన్నర తిరక్కుండా ట్రంకుపెట్టెతో దిగిపోయాడు. ఎందుకొచ్చావంటే చెప్పడు. మావారు మాట్లాడటం మానేశారు. నేను మానలేదు. అదే నా తప్పు. ఓ పూట అన్నం వడ్డిస్తూ, "నీతో చేరిన ఆడపిల్లలే అక్కడ ఉండి చదువుకుంటున్నారు. నువ్వు గాజులు తొడుక్కుని ఇంట్లో కూచో" అన్నాను. వాడు తలెత్తలేదు. పళ్లెంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు.

పసుపు ముద్ద ఎలా ఉంటుందో నాకు ఆ రాత్రి తెలిసింది. నేను పెట్టింది పసుపు కాదు, గాజులు. అంతే తేడా.

ఇన్నేళ్లుగా ఆ కథ విని వీరమాత, వీరపత్ని అని మెచ్చుకున్నదాన్నే నేనూ. ఏడు వందల ఏళ్లకి పైగా మనవాళ్లు ఆ ఇద్దరు ఆడవాళ్ల ఎత్తిపొడుపుల్ని చాటువులుగా దాచుకున్నారు. రెండోసారి కొడుకు రాని ఇంట్లో వాళ్లిద్దరూ ఏమనుకున్నారో మాత్రం ఏ చాటువూ చెప్పదు. ఇంకో సంగతి చూడండి. మగవాణ్ణి తిట్టాలంటే మనం వాడే మాట 'ఆడదానివి' అని. ఆ మాట అనేది మనమే, పడేదీ మనమే. ఊళ్లో ఉండి పట్టుదలగా చదువుకుంటున్న ఆడపిల్లల్ని పొగుడుతున్నాననుకుంటూ, గాజుల్ని తిట్టుగా వాడానే, నా తెలివి ఏమైంది?

అదే ఇంటి రెండో తిక్కనగారు కూడా గుర్తుకొచ్చారు. ఆయన భారతంలో పదిహేను పర్వాలు రాశారు. చివర్లో ధర్మరాజు స్వర్గానికి నడిచిపోతుంటే, భార్యా తమ్ముళ్లూ దారిలో పడిపోయాక, వెంట మిగిలింది ఒక్క కుక్క. కుక్కని వదిలి రథమెక్కమంటాడు ఇంద్రుడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గమే వద్దంటాడు ధర్మరాజు. ఒకే వంశంలో ఒక తిక్కన విరిగి వచ్చినందుకు విరిగిన పాలు తాగాడు. ఇంకో తిక్కన ఆశ్రయించి వచ్చినదాన్ని వదలకూడదని తెలుగులో రాసిపెట్టాడు. పాటూరు వాళ్లు తిక్కనగారు మా ఊరివాడే అంటారు. పాటూరు మాకు కూతవేటు దూరం. ఇంత దగ్గర ఉండీ నాకు పసుపు ముద్ద కథే వంటబట్టింది, కుక్క కథ పట్టలేదు.

లేచి పాలు కాచాను. గ్లాసులో కొన్ని, కొబ్బరిచిప్పలో కొన్ని పోసుకుని పెరట్లోకి వెళ్లాను. కుక్కపిల్ల వాడి ఒళ్లో ఉంది. గ్లాసు అందిస్తే వాడు తీసుకుని, లోపలికి తొంగి చూసి, "విరగలేదు కదమ్మా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

"లేదు నాయనా. చూసుకునే తెచ్చాను" అన్నాను.

అప్పుడు చెప్పాడు. అక్కడ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదట. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవట. ఒకరోజు హాస్టలు మేడ మీదికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడట. "అప్పుడు భయమేసిందమ్మా. అందుకే వచ్చేశాను" అన్నాడు.

నేను వాడి తల నిమురుతూ ఉండిపోయాను. వాడు వెనక్కి రాకపోతే అన్న ఆలోచన ఆ తరవాత చాలా రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు.

కాసేపటికి వాడే అన్నాడు. "దీనికి ఖడ్గం అని పేరు పెడదామమ్మా."

"పిల్లిని చూసి పారిపోయినదానికా?"

"ఓడిపోయి ఇంటికి వచ్చిన పూట కూడా ఆయన ఖడ్గ తిక్కనే కదా. పేరు మారలేదు కదా" అన్నాడు.

నాకింక అడగడానికేమీ లేకపోయింది. మర్నాడు మావారికి అంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి, లేచి వెళ్లి వాడి పక్కన అరుగు మీద కూచున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

పేరైతే పెట్టాం గానీ అది ఎవరి నోటా సరిగ్గా పలకలేదు. పాలమనిషికి కడగం. పక్కింటి పాపకి కక్కం. పోస్టుమాను దాని గొంతు విని గేటు బయటే ఆగి, "గడ్డాన్ని పట్టుకోండమ్మా" అని కేకేస్తాడు. అది మాత్రం అన్నిటికీ పలుకుతుంది.

పెద్దాడు నెల్లూరులో బి.కాం. పూర్తి చేసి ఇప్పుడొక ఆడిటరు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. రోజూ పెన్న వంతెన మీదుగా వెళ్లి, చీకటి పడేసరికి ఇంటికొస్తాడు. వాడి బండి చప్పుడు వీధి మొదట్లో ఉండగానే ఖడ్గం గేటు దగ్గర ఉంటుంది.

ఇప్పటికీ దానికి పిల్లంటే భయమే. దీపావళి అంటే మరీ భయం. మొదటి టపాకాయ పేలగానే వసారా దాటి, గడప దాటి, అత్తయ్య మంచం కిందికి దూరుతుంది. ఒకప్పుడు హద్దు గీసిన అత్తయ్య మంచం మీది దుప్పటి కిందికి జార్చి, నాలుగువైపులా సర్ది, "ఈడనే ఉండు నాయనా. మంచం అడ్డం పెట్టినాలే, నిన్నెవరూ చూడరు" అంటారు.