బిగింపుకూ ఒక కొలత

కామారెడ్డిలోని మా ఇంటి ముంగిట వేపచెట్టు నీడన ఒక పాత మారుతి 800 కారు ఉంటుంది. 1983 నుండి 2014 వరకు మన దేశంలో తయారై, ఎన్నో సామాన్య కుటుంబాలకు తొలి కారు అయిన ఆ చిన్న బండిని అబ్బా ఎంతో ముద్దుగా చూసుకునేవారు. ఆయన పరమపదించిన తరువాత అది మా ఆపాకు చేరింది. ఆపా ఎల్లారెడ్డిలో ఉపాధ్యాయురాలు. ఐదేళ్ల కూతురిని వెనుక సీటులో కూర్చోబెట్టుకుని, లింగంపేట మీదుగా పోనూ రానూ రోజూ ప్రయాణిస్తుంది. ఒక్క వైపే 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

మేమిద్దరం ఆమెకు తమ్ముళ్లం. చిన్ననాటి నుండి అబ్బా పక్కన కూర్చుని పానాలు అందించినవాళ్లం. ఆ మాత్రం అనుభవంతోనే మాకు ఇంజిన్ పని తెలుసునన్న ధీమా ఏర్పడింది.

ఒక వేసవిలో కారు రేడియేటరులో నీరు తరచుగా తగ్గిపోసాగింది. పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి వచ్చేది. హెడ్ గాస్కెట్ పోయిందని గ్రహించాము. ఇంజిన్ బ్లాకుకూ, దానిపై కూర్చునే హెడ్డుకూ నడుమ ఉండే పలుచని పొర అది. మండే వాయువును, నీటిని, నూనెను ఒకదానితో ఒకటి కలవనీయకుండా వేరు చేసి ఉంచుతుంది. కూలి ఖర్చు మిగులుతుందన్న ఆశ కొంత, అబ్బా కారును మా చేతులతోనే బాగు చేయాలన్న అభిమానం కొంత. పనికి పూనుకున్నాము.

విప్పడం, శుభ్రం చేయడం, కొత్త గాస్కెట్ అమర్చడం సాఫీగానే సాగాయి. ఇక బిగించడమే మిగిలింది. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదన్నది మా నమ్మకం. ఒక చివర నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క బోల్టునూ ఒకేసారి పూర్తిగా బిగిస్తూ రెండవ చివరకు వెళ్లాము. బలం చాలదనిపించి పానాకు ఒక ఇనుప గొట్టం కూడా తొడిగాము. చివరి వరుసలోని ఒక బోల్టు మొదట గట్టిపడి, ఆ తరువాత ఉన్నట్టుండి మెత్తగా తిరిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఏమీ అనుకోలేదు.

"సరిగ్గా బిగించారా నాయనా? పాప కూడా అందులోనే వెళుతుంది" అని అమ్మీ అడిగింది.

"బేఫికర్‌గా ఉండండి అమ్మీ" అన్నాము.

పదవ రోజు ఉదయం ఆపా నుండి ఫోను వచ్చింది. లింగంపేట దాటిన కొద్దిసేపటికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను తాకింది. ఆమె వెంటనే కారును పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, పాపను దించి చెట్టు కిందకు తీసుకువెళ్లింది. బోనెట్ సందుల నుండి ఆవిరి చిమ్ముతోందట. అల్లాహ్ దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మేము వెళ్లేసరికి పాప భయంతో తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కూడా చేయి వదలలేదు.

కారును కామారెడ్డికి లాగించుకువచ్చి, జాతీయ రహదారి పక్కన షెడ్డు నడుపుకునే ఒక వృద్ధ మిస్త్రీ వద్దకు చేర్చాము. మేము ఆయనను చాచా అని పిలుస్తాము. ఆయన కోప్పడలేదు. మూడే ప్రశ్నలు అడిగారు. "బేటా, ఏ వరుసలో బిగించారు? ఎన్ని విడతల్లో బిగించారు? ఏ కొలతకు బిగించారు?" మూడింటికీ మా వద్ద సమాధానం లేదు.

చాచా బోల్టులన్నీ విప్పించి, మెత్తగా తిరిగిన బోల్టును ఒక కొత్త బోల్టు పక్కన నిలబెట్టారు. మాది కాస్త పొడవుగా ఉంది. మరలకు పైన దాని నడుము సన్నబడింది. "ఇది బిగుసుకోలేదు, సాగిపోయింది" అన్నారాయన.

ఆనాడు ఆయన చెప్పిన పాఠం మాకు కొత్తది. బోల్టును మేము మేకులాంటిదనుకున్నాము. నిజానికి అది ఒక స్ప్రింగు. బిగించేకొద్దీ కంటికి కనిపించనంతగా సాగుతుంది. తిరిగి తన పొడవుకు చేరాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ నొక్కి పట్టి ఉంచుతుంది. తక్కువ సాగితే పట్టు చాలదు. హద్దు మించి సాగితే ఉక్కు తన గుణాన్ని కోల్పోయి, వెనుకకు రాదు. అటువంటి బోల్టు చూడటానికి బిగిసినట్టే ఉంటుంది కానీ నమ్మదగినది కాదు.

మరి ఎంత సాగిందో చేతికి ఎలా తెలుస్తుంది? తెలియదు. మనం తిప్పే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే ఖర్చవుతుంది. మరో 40 పాళ్లు మరల రాపిడికి పోతాయి. బోల్టును సాగదీయడానికి మిగిలేది 100కు 10 పాళ్లే. కనుక మరల్లో తుప్పు, మట్టి ఉంటే కొలత సరిపోయినా బోల్టు సాగదు. నూనె రాయమని పుస్తకం చెప్పనిచోట రాస్తే రాపిడి తగ్గి, అదే కొలతకు అతిగా సాగుతుంది. అడుగు మూసుకున్న రంధ్రంలో నీరో నూనెయో నిలిచి ఉంటే, అది నలగదు గనుక బ్లాకే పగిలే ప్రమాదం ఉంది.

తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవు గల పానా చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే కలిగేది దాదాపు 9.8 న్యూటన్ మీటర్లు. తలపై 8.8 అని ముద్ర ఉన్న సాధారణ ఉక్కు బోల్టుల్లో, 6 మిల్లీమీటర్ల దానికి సుమారు 10, 8 మిల్లీమీటర్ల దానికి సుమారు 25, 10 మిల్లీమీటర్ల దానికి సుమారు 50 చాలు. ఇవి సామాన్యపు లెక్కలు. ఇంజిన్‌లోని ప్రతి బోల్టుకూ తయారీదారు పుస్తకంలో రాసిన అంకెయే ప్రమాణం. మేము పానాకు గొట్టం తొడిగి దాని పొడవును రెట్టింపు చేశాము. అదే చేతి బలం బోల్టుపై రెట్టింపై పడింది.

వరుస కూడా అంత ముఖ్యమే. మా కారు హెడ్డు అల్యూమినియంతో చేసినది. ఒక చివర నుండి బిగిస్తూ పోతే అది వంగి, గాస్కెట్ అంతటా సమానంగా నలగదు. అందుకే మధ్య బోల్టులతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకు సాగాలి. ఒకేసారి కాక మూడు విడతలుగా బిగించాలి. మొదట తుది కొలతలో సగం, తరువాత ముప్పావు, ఆపై పూర్తిగా. విప్పేటప్పుడు చివరల నుండి మధ్యకు రావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. కొన్ని ఇంజిన్లలో నిర్ణీత కొలత తరువాత ఇన్ని డిగ్రీలని తిప్పమంటారు. అటువంటి బోల్టులు చాలావరకు ఒక్కసారికే పనికివస్తాయి. వాటిని తిరిగి వాడరాదు.

చాచా హెడ్డుపై ఉక్కు బద్దను ఆనించి వంపు పరీక్షించారు. సమతలం చేయించవలసి వచ్చింది. బోల్టులన్నీ కొత్తవి తెప్పించారు. తరువాత టార్క్ రెంచిని మా చేతిలోనే పెట్టి, తాను స్టూలుపై కూర్చున్నారు. "పిడి దగ్గరే పట్టుకోండి. ఝాడించకండి, నిదానంగా లాగండి. టక్కుమంటే ఆగిపోండి. ఇంకొక్కసారి అనవద్దు" అన్నారు. ఆ 'ఇంకొక్కసారి' అన్న కోరికను ఆపుకోవడమే ఆనాటి పనిలో మాకు అన్నిటికంటే కష్టమనిపించింది. పని ముగిశాక రెంచిని కనిష్ఠ కొలతకు తిప్పి పెట్టెలో ఉంచమన్నారు. దానితో బోల్టులు విప్పరాదనీ చెప్పారు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు తరువాత అమ్మీ ముందూ, ఆపా ముందూ కూర్చుని జరిగినదంతా చెప్పాము. బోల్టు మెత్తగా తిరగడం మాకు ఆనాడే తెలుసునని కూడా చెప్పాము. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. ఆపా అన్నది: "పని తెలియకపోవడం తప్పు కాదురా. అనుమానం ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే పాపను తీసుకుని బస్సులో వెళ్లేదాన్ని కదా."

ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది. బలం ఎక్కువై చెడిపోయిన బోల్టుకు బదులు దుకాణంలో మరొకటి దొరికింది. తెలియనిదానిని తెలిసినట్టు చెప్పి అమ్మీ నమ్మకాన్ని మేమెంత సాగదీశామో కొలిచే పనిముట్టు ఏదీ లేదు.

నాటి నుండి మా ఇంట ఒక అలవాటు ఏర్పడింది. అబ్బా లెక్కలు రాసుకున్న పాత పుస్తకంలో ఖాళీ పుటలు మిగిలి ఉన్నాయి. చక్రాల నట్లు బిగించినా, నూనె మార్చి అడుగు బోల్టు బిగించినా, తేదీ, పుస్తకం చెప్పిన కొలత, బిగించినవారి పేరు అందులో రాస్తాము. ఏదైనా సందేహం కలిగితే దానిని ఎర్ర సిరాతో రాస్తాము. సందేహం తీరేవరకు కారు గుమ్మం దాటదు.

ఆపా ప్రతి సోమవారం ఉదయం బయలుదేరే ముందు ఆ పుట తెరచి చూస్తుంది. ఎర్ర సిరా కనిపించకపోతేనే తాళంచెవి అందుకుంటుంది. ఎల్లారెడ్డి చేరిన తరువాత ఫోను చేస్తుంది. "చేరుకున్నాము" అన్న ఆ ఒక్క మాట కోసం అమ్మీతోపాటు మేము కూడా ఎదురుచూస్తూ ఉంటాము.